తల్లి మాట – అంగడి బాట

బిడ్డల పెంపకం ఏ బడిలోనూ నేర్పని విద్య. తెలుగునాట అది తరతరాలుగా పురిటింట నోటిమాటగా సాగివచ్చింది. తొలి కాన్పుకు ఆడపిల్లను పుట్టింటికి తీసుకొనిరావడం మనకు ఆచారం. బాలింతకు పథ్యం వండిపెట్టేది, పసికందును కాళ్ళపై పడుకోబెట్టుకొని నలుగు పెట్టి నీళ్ళు పోసేది, ఏడుపు విని అది ఆకలో కడుపునొప్పో చెప్పేది అమ్మమ్మ. బాల్యంలోనే అబ్బిన విద్యను ‘ఉగ్గుపాలతో నేర్చినది’ అనడంలో ఆ గదికి మన భాష ఇచ్చిన గౌరవం కనబడుతుంది. అయితే పెద్దల మాటలన్నీ మేలుచేసినవే అని చెప్పలేము. ప్రసవమైన తొలి రోజులలో వచ్చే ముర్రుపాలు బిడ్డకు అరగవని పిండి పారబోయించిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. రోగాలను తట్టుకొనే శక్తినిచ్చే పదార్థాలు ఆ పాలలోనే అధికమని వైద్యశాస్త్రం చెబుతుంది. అమ్మమ్మ పొరపడవచ్చు, కాని ఆమె అమ్మదలచిన సరుకేదీ లేదు. ఆమె మాటకు గల విలువ అక్కడే ఉంది.

ఈ విలువను వ్యాపారులు చాలాకాలం క్రిందటనే గుర్తించారు. గ్రైప్ వాటర్ ప్రకటనను టెలివిజన్‌లో చూసిన తరం ఇప్పటికీ ఉంది. అందులో ఏడ్చే బిడ్డకు ఏమి పట్టాలో చెప్పేది వైద్యుడు కాదు, ఇంటి పెద్దావిడ. తన బిడ్డకు తాను అదే పట్టానని ఆమె అంటుంది. సరుకు పేరు అమ్మమ్మ నోట పలికితే వేరే సాక్ష్యం అక్కరలేదని ఆ ప్రకటన రూపొందించినవారికి తెలుసు.

స్త్రీలు స్త్రీల కోసం రాసే రాతకు వ్యాపారం అండగా నిలవడమూ మనకు కొత్త కాదు. మద్రాసులో ‘కేసరి కుటీరం’ అనే ఔషధశాలను నడిపిన డాక్టర్ కె.ఎన్. కేసరి 1928లో ‘గృహలక్ష్మి’ మాసపత్రికను స్థాపించారు. ఆయన తయారుచేసిన మందులలో స్త్రీల కోసం ఉద్దేశించిన ‘లోధ్ర’ ప్రసిద్ధమైనది. మందు కొనే ఇల్లాలు, పత్రిక చదివే ఇల్లాలు చాలావరకు ఒక్కరే. కనుపర్తి వరలక్ష్మమ్మ ‘శారద లేఖలు’ ఈ పత్రికలోనే వెలువడ్డాయి. స్నేహితురాలికి రాసే ఉత్తరాల రూపంలో ఒక స్త్రీ తన కాలపు సంగతులను, సంస్కరణలను, ఇంటి విషయాలను చర్చించిన శీర్షిక అది. నేటి బ్లాగుకు తెలుగులో పూర్వరూపం వెదకదలచిన వారు ముందుగా చూడవలసినది దానినే. కాని ఒక భేదం ఉంది. అచ్చుపత్రికలో రచన రచనగా, ప్రకటన ప్రకటనగా కనబడేవి. శారద తన స్నేహితురాలికి రాసిన ఉత్తరం నడుమ మందు సీసా పేరు చెప్పి, అందుకు సొమ్ము పుచ్చుకొన్నట్లయితే ఆ ఉత్తరం మరొకటిగా మారిపోయేది. తరువాతి శతాబ్దంలో జరిగినది అదే.

బ్లాగు అనగా అంతర్జాలంలో ఎవరికి వారు రాసుకొని ప్రచురించుకొనే దినచర్య. సాంకేతిక విద్య లేనివారు కూడా రాసుకొనేందుకు వీలు కల్పించిన ‘బ్లాగర్’ అనే సాధనం 1999లో వచ్చింది. అమెరికాలో ఇంటిపట్టున పసిబిడ్డతో ఒంటరిగా ఉండే తల్లులకు అది గొప్ప ఊరట అయింది. అక్కడ పురిటిగది లేదు. అమ్మమ్మ వేరొక రాష్ట్రంలో ఉంటుంది. మనవారు సైతం అక్కడ కూతురి కాన్పు సాయానికి వెళ్ళిన తల్లి వీసా గడువు ముగిసి తిరిగివచ్చిన నాటి నుండి అదే ఒంటరితనాన్ని ఎరుగుదురు. నిద్రలేని రాత్రులు, విసుగు, భర్తతో కలహం, ‘నేను మంచి తల్లిని కానేమో’ అనే బెంగ – ఇవి అంతవరకు ఎవరూ పైకి చెప్పుకోని మాటలు. బ్లాగులలో తల్లులు వాటిని దాపరికం లేకుండా రాశారు.

వారిలో అందరికన్నా పేరు పొందినది హెదర్ ఆర్మ్‌స్ట్రాంగ్. ఆమె 2001లో ‘డూస్’ అనే పేరుతో రాయడం మొదలుపెట్టింది. తాను పనిచేసే కార్యాలయాన్ని గురించి రాసినందుకు 2002లో ఉద్యోగం పోయింది. 2004లో తొలి బిడ్డ పుట్టిన తరువాత ప్రసవానంతర మానసిక కుంగుబాటుకు లోనై, ఆ బాధను ఉన్నదున్నట్లు రాసింది. అదే అనారోగ్యంతో మౌనంగా బాధపడుతున్న వేలాది స్త్రీలు తమకు ఒక తోడు దొరికిందని భావించారు. అదే సంవత్సరం ఆమె తన పుటలో వ్యాపార ప్రకటనలకు చోటిచ్చింది. పాఠకులలో కొందరు నొచ్చుకొన్నారు. రచనను జీవనాధారం చేసుకోవడంలో తప్పేమున్నదని ఆమె పక్షాన వాదించినవారూ ఉన్నారు. వారి వాదం తీసివేయదగినది కాదు. తండ్రి రాసే క్రీడావ్యాసానికి పారితోషికం ఇచ్చే లోకం తల్లి రాసే పురిటి కథను ఉచితంగా కోరడం న్యాయం కాదు. ఆర్మ్‌స్ట్రాంగ్ 2023లో, నలభై ఏడేళ్ళ వయసులో కన్నుమూసింది.

తల్లుల గుమిగూడిన శక్తి ఎంతటిదో కంపెనీలకు 2008 నవంబరులో తెలిసివచ్చింది. మోట్రిన్ అనే నొప్పినివారిణి తయారీదారులు ఒక ప్రకటన విడుదల చేశారు. బిడ్డను గుడ్డసంచిలో ఒంటికి కట్టుకొని తిరగడం ఒక వేషమని, దానివలన నడుమునొప్పి వస్తుందని, అందుకు తమ మాత్ర వేసుకొమ్మని ఆ ప్రకటన సారాంశం. బిడ్డను వీపున కట్టుకొని కూలికి పోయే మన తల్లులు చూసి ఉంటే ఏమనేవారో! అమెరికా తల్లులు మాత్రం ట్విట్టర్‌లో ఒకే వారాంతంలో నిరసనల వెల్లువ సృష్టించారు. కంపెనీ ప్రకటనను ఉపసంహరించుకొని క్షమాపణ చెప్పింది. దీని నుండి వ్యాపారలోకం నేర్చిన పాఠం తల్లులను నొప్పించరాదన్నది కాదు, తల్లులను తమ పక్షాన నిలుపుకోవాలన్నది. విందులకు పిలవడం, ఉచితంగా సరుకులు పంపడం, విహారయాత్రలు ఏర్పాటుచేయడం పెరిగాయి.

ఆ ప్రయత్నమూ ఒక్కొక్కప్పుడు బెడిసికొట్టింది. 2009లో నెస్లే సంస్థ కాలిఫోర్నియాలో కొందరు బ్లాగు తల్లులకు ఆతిథ్యమిచ్చి, వారి ముచ్చట్లు ట్విట్టర్‌లో సాగేటట్లు చేసింది. గంటల వ్యవధిలో ఆ ముచ్చట్ల నడుమ పాత వివాదం వచ్చి కూర్చుంది. పేద దేశాలలో పాలపొడి అమ్మకాల తీరును విమర్శిస్తూ 1974లో బ్రిటన్‌లో ఒక పుస్తిక వెలువడింది. 1977లో అమెరికాలో నెస్లే సరుకుల బహిష్కరణ మొదలయింది. ఆ ఉద్యమ ఫలితంగా 1981లో ప్రపంచ ఆరోగ్య సభ తల్లిపాలకు బదులుగా వాడే ఉత్పత్తుల విక్రయానికి అంతర్జాతీయ నియమావళిని ఆమోదించింది. 118 దేశాలు అనుకూలంగా ఓటువేయగా, వ్యతిరేకించినది అమెరికా ఒక్కటే.

ఈ వివాదం ఇంత తీవ్రమైనది కావడానికి కారణం తల్లిపాలు ఊరే తీరులో ఉంది. బిడ్డ ఎంత తాగితే అంత పాలు ఊరుతాయి. చప్పరింపు తగ్గితే శరీరం పాలు తయారుచేయడం తగ్గిస్తుంది. పసిబిడ్డ ఏడుపుకు ఆకలి ఒక్కటే కారణం కాదు. అయినా మొదటి వారాలలో ‘పాలు చాలడం లేదేమో’ అనే అనుమానం దాదాపు ప్రతి తల్లినీ పీడిస్తుంది. ఆ క్షణంలో ఉచితంగా వచ్చిన ఒక డబ్బా చేతికందితే బిడ్డ ఒక పూట డబ్బాపాలు తాగుతుంది, మరుపూట తల్లి దగ్గర తక్కువ తాగుతుంది. క్రమంగా పాలు నిజంగానే తగ్గుతాయి. అనుమానమే నిజమవుతుంది. ఇక డబ్బా కొనక తప్పదు. శుభ్రమైన నీరు లేనిచోట, పొదుపు కోసం పొడిని పలుచగా కలిపేచోట బిడ్డ ప్రాణానికే ముప్పు. అనారోగ్యం వలన పాలివ్వలేని తల్లికి డబ్బాపాలు అవసరమే. ఆమెను తప్పుపట్టడం క్రూరత్వం. అవసరం లేనిచోట అవసరాన్ని పుట్టించడమే ఇక్కడి చిక్కు.

సామాజిక మాధ్యమాలు ఆ బలహీన క్షణాన్ని కంపెనీలకు ముందుగానే తెలియజేస్తున్నాయి. గర్భిణి తన ఫోనులో ఒక యాప్ పెట్టుకొని ప్రసవ తేదీ నమోదు చేస్తుంది. వారం వారం బిడ్డ ఎదుగుదల చిత్రాలతో సమాచారం వస్తుంది, అది ఉపయోగకరమే. కాని ఆ తేదీని బట్టి ఐదవ నెలలో ఏ ప్రకటన చూపాలో, పుట్టిన మూడవ వారంలో ఏది చూపాలో, ఆరవ నెలలో ఏది చూపాలో లెక్కకట్టవచ్చు. అర్ధరాత్రి రెండు గంటలకు ‘బిడ్డ నిద్రపోవడం లేదు’ అని వెదికిన తల్లికి ఎదురయ్యేది సలహా రూపంలోని ప్రకటన కావచ్చు. తల్లుల క్లబ్బులు, ముద్దుబిడ్డ ఫొటోల పోటీలు, ‘నిపుణులను అడగండి’ అనే శీర్షికలు – ఇవన్నీ చిరునామాలు, ఫోన్ నంబర్లు సేకరించే వలలే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించిన వివరాలు దీని విస్తృతిని తెలుపుతాయి. ఎనిమిది దేశాలలో 8,500 మంది తల్లిదండ్రులను, గర్భిణులను విచారించగా, పాలపొడి కంపెనీల ప్రచారం తమను చేరిందని 51 శాతం మంది చెప్పారు. 2021 జనవరి నుండి జూన్ వరకు శిశుపోషణను గురించిన 40 లక్షల పోస్టులను మరొక అధ్యయనంలో పరిశీలించారు. కంపెనీల ఖాతాలలో సగటున రోజుకు 90 పోస్టులు వెలువడుతున్నాయని, అవి 22 కోట్ల 90 లక్షల మందిని చేరుతున్నాయని తేలింది. వ్యాపార ప్రయోజనం లేని ఖాతాలు తల్లిపాలపై ఇచ్చే సమాచారం చేరినవారికి ఇది మూడు రెట్లు. సొమ్ము పుచ్చుకొని తల్లులు రాసే మాటలు పాఠకురాలికి ప్రకటనలుగా తోచవు కనుక వాటి బలం అంకెలకు అందనిది. లక్షలమంది అనుసరించే తారకన్నా పదివేలమంది అనుసరించే ఇల్లాలినే కంపెనీలు అనేక పర్యాయాలు ఎంచుకొంటాయి. ఆమె పొరుగింటి మనిషిలా కనబడుతుంది మరి.

ఈ విషయంలో భారతదేశపు చట్టం గట్టిది. 1992లో చేసి 2003లో సవరించిన శిశుపాల ప్రత్యామ్నాయాల చట్టం రెండేళ్ళలోపు పిల్లల డబ్బా ఆహారాలకు, పాలసీసాలకు ప్రకటనలు చేయడాన్ని పూర్తిగా నిషేధించింది. ఎలక్ట్రానిక్ మాధ్యమాలూ ఆ నిషేధంలోకి వస్తాయి. ఉచిత నమూనాలు పంచరాదు. అమ్మకం పెంచుకొనే ఉద్దేశంతో గర్భిణిని గాని, పసిబిడ్డ తల్లిని గాని కలుసుకోరాదు. డబ్బాపై శిశువు బొమ్మ గాని, స్త్రీ బొమ్మ గాని ఉండరాదు. నిషేధం ‘ఏ వ్యక్తీ’ అనే మాటతో మొదలవుతుంది. కనుక అది కంపెనీకే కాదు, ప్రకటనలో పాలుపంచుకొనే తల్లికీ వర్తిస్తుంది. ప్రకటన నిషేధాన్ని అతిక్రమిస్తే మూడేళ్ళ వరకు జైలుశిక్ష, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. జరిమానా మొత్తం నేటి కంపెనీలకు ఏపాటిదో చెప్పనక్కరలేదు. పైగా ‘కలుసుకోరాదు’ అన్న నియమం రాసిననాడు ఆసుపత్రి వార్డులోకి డబ్బాతో వచ్చే ప్రతినిధి శాసనకర్తల మనసులో ఉండి ఉంటాడు. తలగడ ప్రక్కనున్న ఫోను వారి ఊహకు అందినది కాదు.

డైపర్లు, సబ్బులు, బొమ్మలు, ట్యూషన్ యాప్‌లు ఈ చట్టం పరిధిలోకి రావు. వాటిని గురించి తల్లులు రాయవచ్చు; సొమ్ము తీసుకొన్న సంగతి దాచరాదు. అమెరికా ఈ నియమాన్ని 2009లోనే తెచ్చింది. మన దేశంలో ప్రకటనల ప్రమాణాల మండలి 2021లోను, కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలోను మార్గదర్శకాలు వెలువరించాయి. ఉచితంగా అందిన సరుకు, విందు, ప్రయాణం కూడా ప్రతిఫలం క్రిందికే వస్తాయి. ప్రకటన అన్న మాట స్పష్టంగా కనబడాలి. ఇరవై హ్యాష్‌ట్యాగుల నడుమ దాచిపెడితే చెల్లదు.

ఈ వ్యవహారంలో ఇంతవరకు నోరు విప్పని వ్యక్తి ఒకరున్నారు – బిడ్డ. స్నానం, అన్నప్రాశన, మొదటి అడుగు, జ్వరం, మొండితనం అన్నీ లోకానికి తెలిసిపోతాయి. చార్లీ చాప్లిన్ తీసిన, 1921లో విడుదలైన ‘ది కిడ్’ చిత్రంలో నటించిన బాలుడు జాకీ కూగన్ పెద్దవాడైన తరువాత తన సంపాదన మిగలలేదని తల్లిపైన, సవతి తండ్రిపైన వ్యాజ్యం వేయగా, 1939లో కాలిఫోర్నియా బాలనటుల కోసం చట్టం చేసింది. ఇంట్లోనే తీసిన వీడియోలకు ఆ రక్షణ లభించలేదు. ఇల్లు స్టూడియో కాదు, తల్లి యజమాని కాదు అని భావించారు. ఇలినాయ్ రాష్ట్రంలో 2024 జూలై నుండి అలాంటి వీడియోల ఆదాయంలో బిడ్డ వాటాను విడిగా భద్రపరచాలి. ఫ్రాన్స్ అంతకు ముందే, 2020 అక్టోబరులో, పదహారేళ్ళలోపు పిల్లల కోసం చట్టం చేసింది. దాని ప్రకారం సంపాదనలో కొంత భాగం ప్రభుత్వ నిధిసంస్థలో బిడ్డ పేర ఉంటుంది. తన చిత్రాలను తొలగించమని కోరే హక్కు కూడా బిడ్డకే ఇచ్చారు; అందుకు తల్లిదండ్రుల సమ్మతి అక్కరలేదు.