ఊడిందా, తెగిందా?

దువ్వెనకు వచ్చిన వెంట్రుకలను వేలికి చుట్టి, ఉండ చేసి, చూరులోనో గోడ సందులోనో దోపి పెట్టే అలవాటు నెల్లూరు తీరపు ఊళ్లలో చాలా ఇళ్లలో ఉంది. చిక్కు వెంట్రుకలు కొనేవాళ్లు వీధిలోకి వచ్చినప్పుడు ఆ ఉండలిచ్చి స్టీలు గిన్నో, పిన్నీసులో తీసుకుంటారు. ఇచ్చేసే ముందు ఒక ఉండను విప్పి వెలుతురులో చూడండి. ఒక కొసన తెల్లని చిన్న బొడిపె ఉన్నది ఊడిన వెంట్రుక. దాని కాలం తీరింది, కుదురు వదిలి వచ్చేసింది. రోజుకు 50 నుంచి 100 దాకా ఇలా రాలడం మామూలే. బొడిపె లేకుండా పొట్టిగా ఉన్న ముక్కలు మాత్రం ఊడినవి కావు, తెగినవి.

ఊడేవి మరీ ఎక్కువైతే కారణం ఒంట్లో వెతకాలి: రక్తం తక్కువ కావడం, థైరాయిడ్, టైఫాయిడ్ లాంటి జ్వరం, కాన్పు. తెగేవి ఎక్కువైతే కారణం స్నానాల గదిలో, దువ్వెనలో, రబ్బరు బ్యాండులో ఉంటుంది. రెంటినీ కలిపేసి ‘జుట్టు రాలిపోతోంది’ అంటూ బయోటిన్ మాత్రలు మింగేవాళ్లను చూస్తే డబ్బు దండగ అనిపిస్తుంది. చర్మం దాటి బయటికొచ్చిన వెంట్రుకలో ప్రాణమున్న కణం ఒక్కటీ ఉండదు. మాత్ర పనిచేస్తే గిస్తే ఇంకా పుట్టని వెంట్రుక మీదే. తల వెంట్రుక నెలకు సుమారు 1 సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి, నడుము దాకా వచ్చిన జడ కొస అయిదారేళ్ల కిందటిది. అన్ని వేసవుల ఎండనూ, అన్ని తలస్నానాలనూ అది భరించింది.

సూక్ష్మదర్శిని కింద వెంట్రుక ఒళ్లంతా పండుగప్ప చేపలా పొలుసులే. పొలుసులన్నీ కుదురు నుంచి కొస వైపుకే ఒరిగి ఉంటాయి. ఒక వెంట్రుకను రెండు వేళ్ల మధ్య బిగించి వేళ్లను కొస వైపు జరిపితే నున్నగా జారతాయి, కుదురు వైపు జరిపితే గరుగ్గా పట్టేస్తాయి. ఆ పొలుసుల కింద కెరటిన్ అనే ప్రొటీన్ పోగులుంటాయి. వాటిని గట్టిగా కట్టి ఉంచేవి గంధకపు బంధాలు. పొలుసులు అరిగి ఊడిపోయిన చోట లోపలి పోగులు కుంచెలా విచ్చుకుంటాయి. పైకి అది తెల్లటి చుక్కలా కనిపిస్తే ఈరు అనుకుని గిల్లుతారు. ఈరు కాదు కాబట్టి రాదు, వెంట్రుకే అక్కడ పుటుక్కుమంటుంది. వైద్యులు దీన్ని ట్రైకోరెక్సిస్ నోడోసా అంటారు.

ఆరోగ్యంగా ఉన్న ఒక్క వెంట్రుక పొడిగా ఉన్నప్పుడు దాదాపు 100 గ్రాముల బరువు మోయగలదు. తడిస్తే కథ మారిపోతుంది. తన బరువులో దాదాపు 30 శాతం నీళ్లు తాగి ఉబ్బుతుంది, పొలుసులు లేస్తాయి, కొద్దిపాటి లాగుడుకే సాగిపోతుంది. అలాంటి జుట్టునే మనం తువ్వాలుతో ఫట్ ఫట్‌మని దులుపుతాం, బస్సుకు టైమైందని చిన్న పళ్ల దువ్వెన పెట్టి పైనుంచి కిందికి ఈడుస్తాం, తడి మీదే ముడేస్తాం. మెత్తటి పాత నూలు గుడ్డ చుట్టి నీళ్లు పీల్చనిచ్చి, కాస్త ఆరాక పెద్ద పళ్ల దువ్వెనతో కొసల దగ్గర మొదలుపెట్టి పైకి పోతూ చిక్కు తీస్తే చాలు. ఉంగరాల జుట్టుకు మాత్రం కండిషనర్ జారుడులో, తడి మీద చిక్కు తీయడమే మేలు. పొడిగా దువ్వితే అది ఇంకా తెగుతుంది.

తలంటుకు ముందు నూనె పెట్టడంలో మన పెద్దవాళ్ల వరస సరిగ్గా ఉంది. 2003లో రెలే, మొహిలే అనే పరిశోధకులు కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడింటినీ పోల్చారు. తలస్నానంలో వెంట్రుక పోగొట్టుకునే ప్రొటీన్‌ను తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. అందులో ఎక్కువగా ఉండే లారిక్ ఆమ్లం అణువు చిన్నది, తిన్ననిది, కనుక వెంట్రుక లోపలికి దూరగలదు. లోపల నూనె ఉన్నంత మేరా నీళ్లు తక్కువ ఎక్కుతాయి, ఉబ్బడమూ తగ్గుతుంది. ఆ ఇద్దరూ కొబ్బరినూనె అమ్మే మారికో కంపెనీ వాళ్లేనన్నది మరిచిపోకూడదు. అయినా నూనె లోపలికి ఇంకడాన్ని అమెరికాలోని ప్రిన్స్‌టన్ ప్రయోగశాల వాళ్లతో కలిసి విడిగానూ చూపించారు.

తీరంలో జుట్టు తెగడానికి ఉప్పూ తోడవుతుంది. లీటరు సముద్రపు నీటిలో 35 గ్రాముల దాకా లవణాలుంటాయి. కార్తీక పౌర్ణమికి మైపాడు సముద్రంలో మునిగి, ఆ తలతోనే ఎండలో ఆరబెట్టుకుంటే నీళ్లు పోయి ఉప్పు రవ్వలు జుట్టులోనే మిగులుతాయి. వెంట్రుకకు వెంట్రుక ఒరుసుకుని చిక్కుపడుతుంది. అదే ఎండలోని అతినీలలోహిత కిరణాలు గంధకపు బంధాలను తెంచుతుంటాయి. సముద్రంలో దిగేముందు మంచినీళ్లతో తల తడిపి, కొబ్బరినూనె రాసి జడ అల్లుకుంటే, అప్పటికే నిండిన వెంట్రుక ఉప్పునీటిని తక్కువగా తాగుతుంది. బయటికి రాగానే తల మీద రెండు బిందెల మంచినీళ్లు గుమ్మరించుకోవాలి.

బోరు నీళ్లు జుట్టును పాడుచేస్తాయా అన్న తగువు తెగలేదు. తాగే నీటిలో కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదని, వేరే దారి లేకపోతే 600 దాకా ఫరవాలేదని మన దేశ ప్రమాణం. ఉప్పు తగిలిన తీరపు బోర్లు దాన్నీ దాటవచ్చు. ఇలాంటి కఠిన జలంతో వెంట్రుక బలం తగ్గలేదని 2013లో ఒక భారతీయ అధ్యయనం, తగ్గిందని 2018లో ఒక పాకిస్తాన్ అధ్యయనం చెప్పాయి. బలం సంగతి ఎలా ఉన్నా, ఈ నీళ్లలో సబ్బు రుద్దితే తెల్లటి తెట్టు కట్టి జుట్టుకు అంటుకోవడం కళ్లారా చూస్తున్నదే. పైగా సబ్బు క్షారం, పొలుసుల్ని లేపుతుంది. కుంకుడు రసం కొద్దిగా ఆమ్ల గుణం కలది, ఆ బాధ ఉండదు. కళ్లు మండుతాయి, అది వేరే సంగతి. ఉన్న మంచినీళ్లు కాసిన్నే అయితే వాటిని ఆఖరి చెంబుకు దాచుకోవడం మంచిది.

ఇక చిట్లిన కొసలు. వాటిని అతికించే నూనె గానీ సీరం గానీ లేదు. పైన పూసిన పూత మళ్లీ తలస్నానం దాకే ఉంటుంది. చీలిక ఆగిన చోటికి కాస్త పైన కత్తిరించడమే దారి, వదిలేస్తే పైకి పాకుతుంది. అందుకు ఇంట్లో పాల ప్యాకెట్లు కత్తిరించే కత్తెర పనికిరాదు. మొద్దుబారిన అంచు వెంట్రుకను కోయదు, నలుపుతుంది, నలిగిన చోటే మళ్లీ చిట్లుతుంది.