కొండలో బోల్టు, గాలిలో ఉప్పు

1939 అక్టోబరులో అమెరికాలోని న్యూ మెక్సికోలో షిప్‌రాక్ అనే నిట్టనిలువు కొండను నలుగురు ఎక్కారు. పగులన్నది లేని చోట బండకు రంధ్రం తొలిచి, లోపల విచ్చుకునే బోల్టులు నాలుగు బిగించారు. ఆ దేశపు కొండలెక్కే చరిత్రలో ఈ బోల్టు పుట్టుక అదే. నట్టు తిప్పిన కొద్దీ బోల్టు బయటికి జరుగుతుంది. దాని చివరనున్న శంకువు చుట్టూ ఉన్న గొట్టాన్ని విచ్చదీసి రాతికి అదుముతుంది. అంటే తాడుకు ఎవరూ వేలాడకపోయినా, రంధ్రంలో ఆ లోహం రాత్రింబవళ్లూ బిగుతులోనే ఉంటుంది. దాని ఆయుష్షును తేల్చేది ఈ బిగుతే.

బోల్టు కొనేవాళ్లు మొదట చూసేది బలం. అడ్డంగా లాగితే 25 కిలోన్యూటన్లు, అంటే సుమారు రెండున్నర టన్నుల బరువు ఆపాలని యూరప్ ప్రమాణం అడుగుతుంది. మంచి తయారీ అయితే ఏ లోహమైనా కొత్తలో ఈ పరీక్ష గట్టెక్కుతుంది కనుక, ఆ అంకెను పట్టుకుని లోహాన్ని ఎంచుకోలేం. ఇరవై ఏళ్ల తర్వాత అందులో ఎంత మిగులుతుందన్నది అసలు ప్రశ్న. దానికి జవాబు ఆ చోటి గాలిలో, రాతిలో ఉంది. స్టెయిన్‌లెస్ స్టీల్‌నే తీసుకోండి. ఉక్కులో క్రోమియం పదిన్నర శాతం దాటితే పైన కంటికి కనిపించని ఆక్సైడు పొర కడుతుంది, గీత పడినా మళ్లీ కడుతుంది. అయితే ఉప్పులోని క్లోరైడు ఆ పొరను చుక్కలు చుక్కలుగా తొలుస్తుంది. లోహం బిగుతులో ఉంటే ఆ చుక్క నుంచి వెంట్రుకంత పగులు లోపలికి పాకుతుంది. పైన మెరుపు మాత్రం పెద్దగా తగ్గదు. 1985లో స్విట్జర్లాండ్‌లోని ఊస్టర్‌లో ఈతకొలను పైకప్పు ఇలాగే కూలి 12 మంది చనిపోయారు. కప్పును మోసిన స్టెయిన్‌లెస్ కడ్డీలను పగలగొట్టింది కొలను గాలిలోని క్లోరిన్ సమ్మేళనాలే. థాయ్‌లాండ్‌లోని రైలే తీరంలో సున్నపురాయి కొండలకు బిగించిన స్టెయిన్‌లెస్ బోల్టులు కొద్ది ఏళ్లకే మనిషి బరువుకు విరిగాయి. ఇప్పుడక్కడ టైటానియం బోల్టులను రెసిన్ జిగురుతో రంధ్రంలో అతికిస్తున్నారు.

మరి అన్నిచోట్లా టైటానియమే వాడొచ్చుగా? అక్కర్లేదు. తిరువళ్లూరు నుంచి తిరుత్తణి పోయే దారిలోని కనకమ్మ సత్రాన్నే చూడండి. బంగాళాఖాతం తూర్పున సుమారు 60 కిలోమీటర్ల దూరం. వాయవ్యాన నగరి కొండలు. వాటిది గట్టి స్ఫటికశిల. సున్నపురాయిలా అది నీళ్లకు కరిగి లోహం మీద లవణాలు పేర్చదు. ఈశాన్య రుతుపవనాల వాన బయటి ముఖాలను ఏటా కడిగేస్తుంది. వాన తగలని చూరు కింద మాత్రం గాలి తెచ్చిన ఉప్పు పోగుపడుతూనే ఉంటుంది. అందుకే ఇలాంటి చోట రెండు, మూడు శాతం మాలిబ్డినం కలిసిన 316 రకం ఉక్కు సరైనదని నా అభిప్రాయం. ఎవరెస్టుకు ముందు మాలావత్ పూర్ణ శిక్షణ పొందిన భువనగిరి బండకు సముద్రం 200 కిలోమీటర్లకు పైనే. అక్కడ మాలిబ్డినం లేని 304 రకమే చాలు. విశాఖ తీరంలో అలల తుంపర అందే కొండకైతే ఈ రెండూ చాలవు, టైటానియం కావాలి.

జింకు పూత వేసిన విద్యుత్ టవర్లు దశాబ్దాలుగా నిలబడ్డాయి కదా, ఆ చౌక ఉక్కు బోల్టుకు ఎందుకు పనికిరాదని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ వేడి జింకులో ముంచిన టవరు పూత మందం, మామూలు బోల్టుకు విద్యుత్తుతో పట్టించే పలుచని పూతకు ఉండదు. పైగా టవరు తుప్పు కంటికి కనిపిస్తుంది, రంగు వేయొచ్చు. రంధ్రంలో తడి నిలిచి, బోల్టు నడుము కనపడని చోట తినేస్తుంటే పైనున్న నట్టును చూసి ఏం తెలుస్తుంది? ఖర్చు తగ్గించాలని బోల్టు జింకుదీ, తాడు తగిలించే హ్యాంగర్ స్టెయిన్‌లెస్‌దీ పెట్టడం మరీ ప్రమాదం. రెండు లోహాలు తడిలో తాకితే జింకు ముందు కరిగిపోతుంది, ఆపైన దాని కింది ఉక్కు. మెరుస్తున్న హ్యాంగర్‌ను నమ్మి తాడు తగిలించేది, ఆ బోల్టును ఎవరు, ఎప్పుడు బిగించారో తెలియని కుర్రవాళ్లు. కాబట్టి బోల్టు, నట్టు, వాషర్, హ్యాంగర్ నాలుగూ ఒకే రకం లోహంతో ఉండాలి. డబ్బు చాలకపోతే కొండెక్కే దారులు తక్కువ వేసుకోవచ్చు. పాడైన బోల్టును పీకి, రంధ్రం మళ్లీ తొలిచే శ్రమతో పోలిస్తే ముందు పెట్టే ఆ అదనపు ఖర్చు చిన్నదే.