మేత పడవ అడుగు రేకు ఎంత మిగిలింది? కొలిచి తెలుసుకోండి

చేపల, రొయ్యల చెరువుల్లో ఇనుప రేకు పడవతో మేత వేసే రైతులు చాలామంది పట్టుబడి అయ్యాక దానికి పైపైన రంగు పూసి మళ్లీ నీటిలో దింపుతుంటారు. రంగు కింద రేకు ఎంత మిగిలిందో చూడరు. మేత బస్తాలతో, ఈత రాని కూలీతో పడవ నడిచెరువులో ఉండగా అడుగు చిల్లు పడితే ప్రాణానికే ముప్పు. అందుకే ఏడాదికోసారి తుప్పును కొలవండి.

ఏ తుప్పు ప్రమాదం?

రేకంతా సమంగా ఎర్రబడితే అరుగుదల నెమ్మదిగా ఉంటుంది. ఉప్పునీటిలో పూత లేని ఇనుము ఒక్కో వైపు ఏడాదికి సుమారు 0.1 మి.మీ. అరుగుతుంది. గుంటలు పడే చోట ఇది కొన్ని రెట్లు ఎక్కువ. చుట్టూ రేకు గట్టిగా కనిపిస్తూనే గుంట దగ్గర చిల్లు పడుతుంది.

కొలిచే పద్ధతి

1. పడవను గట్టు మీద బోర్లించి కడిగి ఆరబెట్టండి. వైరు బ్రష్‌తో పాచి, పొక్కిన రంగు, తుప్పు పెచ్చులు తీసేయండి.
2. చిన్న సుత్తితో అడుగంతా తట్టండి. మంచి రేకు ఖంగుమంటుంది. శబ్దం మందగించిన చోట సుద్దతో గుర్తు పెట్టండి.
3. వెర్నియర్ కాలిపర్ చివర ఉండే సన్నని కడ్డీతో గుంట లోతు కొలవండి. లోపలి వైపు అదే చోట గుంట ఉంటే దాని లోతూ కలపండి.
4. గుంట పక్కన రేకు మందాన్ని అల్ట్రాసోనిక్ మీటరుతో చూపించండి. అది 2.7 మి.మీ., గుంట లోతు 1 మి.మీ. అయితే అక్కడ మిగిలింది 1.7 మి.మీ. మాత్రమే.
5. కొలతలు పుస్తకంలో రాయండి. వచ్చే ఏడాది అవే చోట్ల కొలిస్తే తుప్పు వేగం తెలుస్తుంది.

అసలు మందంలో నాలుగో వంతు పోయిన చోట రేకు కోసి కొత్తది వెల్డింగ్ చేయించడం మేలు. తారు, ఎం-సీల్ పూస్తే కారడం ఆగుతుందేమో గాని, తుప్పు ఆగదు.

తుప్పు ఉన్న చోటే కారణం చెబుతుంది

• నీటి మట్టం గీత వెంట: అక్కడ గాలి, నీరు రెండూ తగులుతాయి. తాడు, గెడ ఒరుసుకుని పూత పోతుంది.
• లోపల అడుగున: మేత పొడి, బురద తడిగా నిలిచి ఉంటాయి. రోజూ కడిగి బోర్లించండి.
• ఇత్తడి, రాగి, స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టుల చుట్టూ: వేరే లోహం తగిలితే ఉప్పునీటిలో ఇనుము త్వరగా తింటుంది. ఇనుప బోల్టులే వాడండి.
• వెల్డింగ్ అతుకుల వెంట: పూత సరిగా పట్టలేదని గుర్తు.

పూత, రక్షణ

రేకు మెరిసేదాకా శుభ్రం చేసి ఎపాక్సీ ప్రైమర్, దాని మీద ఎపాక్సీ పెయింట్ వేయండి. నీటిలో మునిగే భాగానికి రెడ్ ఆక్సైడ్ ఒక్కటే చాలదు. రాగి కలిసిన పడవ పెయింట్లు వద్దు. వాటిలోని రాగి చేపలకు, రొయ్యలకు విషం. ఉప్పునీటి చెరువైతే అడుగున జింకు దిమ్మ బిగించండి. ఇనుముకు బదులు అది కరుగుతుంది. దానికి రంగు పూయకండి. సగం కరిగితే మార్చండి.

ఏరియేటర్ కరెంటు వైరును పడవకు కట్టకండి, తగలనివ్వకండి. పడవ ముట్టుకుంటే జివ్వుమన్నదని ఎవరైనా చెబితే వెంటనే మెయిన్ ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. అతను చూసి సరేననే వరకు చెరువులోకి ఎవరినీ దిగనివ్వకండి.