పెళ్లి బస్సు బిల్లును తేల్చేది కిలోమీటరు రేటు కాదు

పెళ్లికి బస్సు మాట్లాడేటప్పుడు ఎవరైనా మొదట అడిగేది ఒకటే: కిలోమీటరుకు ఎంత? ట్రావెల్స్ వాళ్లు ఒక రేటు చెప్తారు. మనం రెండు మూడు రూపాయలు తగ్గించమంటాం. నలుగురిని విచారించి, తక్కువ చెప్పినవాళ్ల చేతిలో అడ్వాన్సు పెట్టేస్తాం. కానీ చివరికి చేతికొచ్చే బిల్లు ఆ రేటును బట్టి తేలదు. బస్సు ఏ గంటకు షెడ్డులోంచి బయటికొచ్చింది, ఏ గంటకు తిరిగి చేరింది అన్నదాన్ని బట్టి తేలుతుంది. వెనక 45 మంది బంధువులు గురకలు పెడుతుంటే స్టీరింగ్ ముందు కూర్చున్న మనిషి ఎంతసేపటి క్రితం నిద్రలేచాడో కూడా ఆ గంటలే చెప్తాయి.

ఒక లెక్క వేసి చూద్దాం. మగపెళ్లివారిది గుడివాడ. పెళ్లి హైదరాబాద్‌లో, ఆదివారం పొద్దున్న ముహూర్తం. బస్సు విజయవాడలో మాట్లాడారు. గుడివాడ నుంచి విజయవాడ మీదుగా హైదరాబాద్‌కు సుమారు 320 కిలోమీటర్లు, రానుపోను 640. మన మనసులో ఉండే అంకె అదే. యజమాని మాత్రం షెడ్డు నుంచి షెడ్డు దాకా లెక్క కడతాడు. విజయవాడ నుంచి గుడివాడకు ఖాళీగా వచ్చే 45, అందరినీ దింపాక ఖాళీగా వెళ్లే 45, హైదరాబాద్‌లో విడిదికీ మండపానికీ మధ్య తిరిగే ఓ 40 కలిపితే 770 అవుతుంది. ఇందులో మోసమేమీ లేదు, ఖాళీ బస్సుకైనా డీజిల్ పోయాల్సిందే. ముందుగా చెప్పించుకోకపోతేనే చివర్లో గొడవ. అదే గుడివాడలోనే షెడ్డున్న బస్సు దొరికితే 90 కిలోమీటర్లు అక్కడికక్కడే మిగిలిపోతాయి.

దీని మీద రోజువారీ కనీస కిలోమీటర్ల నిబంధన ఉంటుంది. బయటి ఊళ్ల ప్రయాణాలకు చాలామంది యజమానులు రోజుకు 250 నుంచి 300 కిలోమీటర్లు కనీసంగా పెడతారు. బస్సు అంతకన్నా తక్కువ తిరిగినా ఆ కనీసానికి కట్టాల్సిందే. రోజంటే 24 గంటలని మనం అనుకుంటాం, చాలాచోట్ల మాత్రం అర్ధరాత్రికి తేదీ మారితే ఇంకో రోజు పడినట్టే. అడ్వాన్సు ఇచ్చే ముందు దీన్ని తప్పకుండా అడిగి రాయించుకోవాలి.

ఇప్పుడు మనవాళ్లు మామూలుగా వేసుకునే ప్రయాణం చూడండి. శనివారం రాత్రి భోజనాలయ్యాక 10 గంటలకు గుడివాడలో బయల్దేరి, తెల్లవారుజామున 5 గంటలకు హైదరాబాద్ చేరడం. ఆదివారం పెళ్లి చూసుకుని, రాత్రి 8 గంటలకు మళ్లీ బస్సెక్కి, సోమవారం 3 గంటలకు ఇంటికి రావడం. బస్సు విజయవాడ షెడ్డుకు చేరేసరికి నాలుగున్నర. శని, ఆది, సోమ: మూడు తేదీలు పడ్డాయి. రోజుకు 300 చొప్పున 900 కిలోమీటర్లకు కట్టాలి, తిరిగింది 770 అయినా సరే. కిలోమీటరుకు 65 రూపాయలనుకుంటే 58,500.

ఇదే పెళ్లికి శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకు బయల్దేరితే రాత్రి 8 గంటలకు విడిదిలో ఉంటారు. ఆదివారం పెళ్లి భోజనాలయ్యాక 2 గంటలకు బస్సెక్కితే 9 గంటలకు గుడివాడ, పదిన్నరకు బస్సు షెడ్డులో. రెండే తేదీలు. కనీసం 600, తిరిగింది 770 కాబట్టి 770కే కడతారు: 50,050. తేడా 8,450 రూపాయలు. శనివారం రాత్రి 45 మందికి పడక, భోజనం చూడాలి, నిజమే. కానీ చాలా విడిదిళ్లు ముందు రోజు సాయంత్రం నుంచే మన చేతిలో ఉంటాయి. ముహూర్తం అర్ధరాత్రి దాటాక ఉంటే ఈ పద్ధతి కుదరదు. అప్పుడు డ్రైవర్‌కు ఆ రాత్రి గది ఇచ్చి, పొద్దున టిఫిన్లయ్యాక కదలడమే దారి.

డబ్బు మిగలడం కన్నా నాకు ముఖ్యమనిపించేది వేరే ఉంది. మొదటి ప్రయాణంలో డ్రైవర్ శనివారం రాత్రి 8 గంటలకు విజయవాడలో బండెక్కాడు, సోమవారం తెల్లవారుజామున నాలుగున్నరకు దిగాడు. 32 గంటలకు పైనే. అందులో చక్రం పట్టుకున్నదే 18 గంటలు దాటుతుంది. మధ్యలో ఆదివారం పగలంతా నిద్రపోవచ్చు కదా అంటారు. ఎక్కడ పోతాడు? మండపం బయట పార్కింగ్‌లో డిక్కీ తలుపు పైకెత్తి, సామాన్ల పక్కన దుప్పటి పరుచుకుని పడుకుంటాడు. పది గజాల దూరంలో బ్యాండ్ మేళం. కళ్లు మూతపడేలోపు ఎవరో వచ్చి బ్యాగులో చీర మర్చిపోయామని తలుపు తీయమంటారు. వాళ్లు వెళ్లగానే ఇంకొకరు, విడిదిలో పెద్దవాళ్లు ఉండిపోయారు, తీసుకురావాలంటారు. ఎండలో ఇనుప డబ్బాలా కాలిపోయే ఆ బస్సులో మనిషికి నిద్ర పట్టదు. పట్టినా అరగంట.

1961లో వచ్చిన మోటారు రవాణా కార్మికుల చట్టం డ్రైవర్ పనికి హద్దులు గీసింది: రోజుకు 8 గంటలు, వారానికి 48. ఏకధాటిగా 5 గంటలకు మించి పని చేయించకూడదు, ఆ తర్వాత కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలి. దూర ప్రయాణాలకూ పండగ రద్దీకీ ఇచ్చిన సడలింపు కూడా అనుమతి తీసుకుంటే రోజుకు 10 గంటల దాకానే. ఈ అంకెల పక్కన మన 18 గంటలు పెట్టి చూడండి. ఒక్క డ్రైవర్‌తో ఆ ప్రయాణం చేయకూడదని ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

రేటు కోసం గట్టిగా బేరమాడితే కోత పడేది ఈ నిద్రకే. యజమాని ఖర్చు చూడండి. పెద్ద బస్సు లీటరు డీజిల్‌కు నాలుగు, నాలుగున్నర కిలోమీటర్లు నడుస్తుంది. 770 కిలోమీటర్లకు 170 లీటర్ల పైమాటే. లీటరు 97 రూపాయలనుకున్నా 16,500. టోల్‌గేటు దగ్గర తగ్గించుకునేది లేదు. పన్ను, ఇన్సూరెన్సు, ఫైనాన్సు కంతు, టైర్లు, వీటిలో ఏదీ మన పెళ్లి కోసం తగ్గదు. ఇంక మిగిలింది రెండో డ్రైవర్ బత్తా. రోజుకు 1,000 అనుకుంటే రెండు రోజులకు 2,000. 45 మందికి పంచితే తలకు 45 రూపాయల లోపు. బిల్లు మొత్తంలో ఇంత తక్కువ డబ్బుకు ఇంత పని చేసే పద్దు ఇంకోటి లేదు. రెండో డ్రైవర్ అంటే లైసెన్సున్న రెండో డ్రైవర్, అవసరమైతే చక్రం పట్టే క్లీనర్ కాదు.

2022 మార్చిలో ధర్మవరం నుంచి తిరుపతికి నిశ్చితార్థం కోసం వెళ్తున్న బస్సు భాకరాపేట ఘాట్‌లో లోయలో పడింది. 2023 జులైలో పొదిలి నుంచి కాకినాడకు పెళ్లివారు అద్దెకు తీసుకున్న ఆర్టీసీ బస్సు దర్శి దగ్గర సాగర్ కాలువలో పడి ఏడుగురు చనిపోయారు. ఒక్కో ప్రమాదానికి కారణాలు ఒక్కోలా ఉంటాయి, వాటిని ఇక్కడ కూర్చుని తేల్చలేం. రెండూ శుభకార్యానికి బయల్దేరిన బస్సులే, రెండూ రాత్రి ప్రయాణాలే.

సీట్ల సంగతీ ఇలాగే తేలిగ్గా తీసుకుంటారు. 50 సీట్ల బస్సు మాట్లాడి, పిల్లలు ఒళ్లో కూర్చుంటారులే, కుర్రాళ్లు క్యాబిన్‌లో సర్దుకుంటారులే అనుకుంటాం. మోటారు వాహనాల చట్టం 194ఏ సెక్షన్ ప్రకారం పరిమితికి మించిన ఒక్కో మనిషికి 200 రూపాయలు జరిమానా. పైగా ఎక్కువైన వాళ్లను దింపి, వేరే బండి చూసేదాకా బస్సును కదలనివ్వరు. నడిరాత్రి హైవే మీద ఆ దింపినవాళ్లను ఏం చేస్తారు? దీనికన్నా పెద్ద చిక్కు ఇన్సూరెన్సులో ఉంది. 42 మందికి అనుమతి ఉన్న బస్సులో 90 మంది ఎక్కి ప్రమాదానికి గురైన కేసులో, బీమా కంపెనీ 42 మంది లెక్కకే బాధ్యత వహించాలని 2007లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ సొమ్మునే బాధితులందరికీ దామాషాలో పంచమంది. అంటే పరిమితికి మించి ఎక్కించిన ప్రతి మనిషీ సీట్లో బుద్ధిగా కూర్చున్నవాళ్ల పరిహారాన్నీ తగ్గిస్తున్నట్టే.

జనం 30 మంది లోపైతే మినీ బస్సు చూడండి, టోల్‌లోనే తేడా తెలుస్తుంది. జాతీయ రహదారుల ఫీజు నిబంధనలు 2008లో వచ్చినప్పుడు కిలోమీటరుకు కారుకు 65 పైసలు, మినీ బస్సుకు 1.05 రూపాయలు, పెద్ద బస్సుకు 2.20 రూపాయలు మూల ధరలుగా పెట్టారు. రేట్లు ఆ తర్వాత ఏటా పెరిగాయి, నిష్పత్తి మాత్రం అదే. చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి దాటేటప్పుడు మినీ బస్సుకు పడేది పెద్ద బస్సు టోల్‌లో సగం లోపే. టోల్ రేటులో కలిసిందా, విడిగా కట్టాలా అన్నది కాగితం మీద ఉండాలి.

జీఎస్టీ కూడా అంతే. ఇన్‌పుట్ క్రెడిట్ వదులుకున్న యజమాని 5 శాతం వేస్తాడు, తీసుకునేవాళ్లు 18 శాతం. ఇంట్లో పెళ్లికి మనకు ఆ క్రెడిట్‌తో పని లేదు. 50,000 బిల్లు మీద ఆ తేడా 6,500, కాబట్టి ముందే అడగండి.

ఆంధ్ర బస్సు తెలంగాణలోకి వెళ్లాలంటే దానికి అఖిల భారత టూరిస్టు పర్మిట్ అయినా ఉండాలి, ఈ ఒక్క ప్రయాణానికి తీసిన ప్రత్యేక పర్మిట్ అయినా ఉండాలి. పర్మిట్ లేకుండా నడిపితే జరిమానా 10,000. అది యజమాని మీద పడినా, బస్సును పక్కన పెట్టిస్తే ముహూర్తం తప్పేది మనకు. ఎక్కేవాళ్ల పేర్ల జాబితా ఒకటి మనమే రాసి డ్రైవర్‌కు ఇవ్వాలి.

అడ్వాన్సు రసీదు మీద రేటు, కనీస కిలోమీటర్లు, రోజు లెక్క, టోల్, జీఎస్టీ, ఇద్దరు డ్రైవర్లు అని రాయించుకున్నాక మిగిలేది బస్సు నంబరు. చూపించిన బస్సు ఒకటి, వచ్చే బస్సు ఇంకొకటి కావడం ఈ వ్యాపారంలో మామూలే. కాబట్టి బయల్దేరడానికి ఒక రోజు ముందే నంబరు పంపమని షరతు పెట్టండి. ఎంపరివాహన్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు, పర్మిట్ ఏ తేదీ దాకా ఉన్నాయో కనిపిస్తాయి. ఎనిమిదేళ్లు దాటిన బస్సుకు ఏటా ఫిట్‌నెస్ చేయించాలి, చాలావాటికి తేదీ దాటిపోయేది అక్కడే. వీలైతే ఇంట్లో ఒకరు షెడ్డుకు వెళ్లి అత్యవసర ద్వారం తమ చేత్తో తెరిచి చూడాలి. 2013 అక్టోబరులో పాలెం దగ్గర బస్సు కాలిపోయి 45 మంది చనిపోయారు. మంటలు అంటుకున్నాక ఆ తలుపు ఎటు తెరుచుకుంటుందో వెతికే వ్యవధి ఉండదు. తలుపు బిగుసుకుపోయి ఉన్నా, కాగితాల్లో ఒక్క తేదీ దాటిపోయినా, వేరే బస్సు పంపమని పట్టుబట్టడానికి చేతిలో ఇంకా ఒక రోజు ఉంటుంది.