దమ్ము ఎక్కడుంటుంది?

మా బడి ఆటల పోటీల్లో ఏటా ఇదే తంతు. 800 మీటర్ల పందెం మొదలవగానే ఒకడు బాణంలా దూసుకుపోతాడు. మొదటి చుట్టు వాడిదే. రెండో చుట్టు సగానికొచ్చేసరికి కాళ్ళు బరువెక్కి, నోరు తెరిచి రొప్పుతూ వెనకబడతాడు. "దమ్ము చాల్లేదు మాస్టారూ!" అంటాడు. ఇంతకీ ఆ దమ్ము ఎక్కడుంటుంది పిల్లలూ? ఊపిరితిత్తుల్లోనా, కాళ్ళలోనా?

ఈ ప్రశ్నకు జవాబు వెతికినవాడు స్వయంగా జగజ్జేత. పేరు పీటర్ స్నెల్. 1938లో న్యూజీలాండ్‌లోని ఒపునాకే అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. మొదట టెన్నిస్ అంటే ఇష్టం. ఆర్థర్ లిడియార్డ్ చేతిలో పడ్డాక పరుగే లోకమైంది. లిడియార్డ్ బూట్ల ఫ్యాక్టరీలో పనిచేసినవాడు. తన శిక్షణ పద్ధతిని ముందు తన ఒంటిమీదే పరీక్షించుకున్నాడు. రెండు నిమిషాల్లోపే ముగిసే పందెం కోసం స్నెల్ చేత వారానికి 160 కిలోమీటర్లు పరుగెత్తించాడు! అందులో ఆక్లండ్ కొండదారుల్లో ఒకే విడతలో 35 కిలోమీటర్లు.

1960 రోమ్ ఒలింపిక్స్ 800 మీటర్లలో ప్రపంచ రికార్డు వీరుడు మోయెన్స్‌ను చివరి అడుగుల్లో దాటి స్నెల్ స్వర్ణం గెలిచాడు. 1962లో వారం తేడాతో మైలు, 800 మీటర్ల ప్రపంచ రికార్డులు రెండూ బద్దలుకొట్టాడు. 800 మీటర్లకు పట్టింది 1 నిమిషం 44.3 సెకన్లు. అదీ గడ్డి నేలమీద! 1964 టోక్యోలో 800, 1500 రెండింటా స్వర్ణాలే.

1965లో పోటీలు మానేశాడు. కానీ నెమ్మదైన దూరపు పరుగు తనకు వేగం ఎలా ఇచ్చిందన్నది తేలలేదు. ముప్పై దాటాక అమెరికా వెళ్ళి మళ్ళీ విద్యార్థి అయ్యాడు. 1982లో వ్యాయామ శరీరధర్మశాస్త్రంలో డాక్టరేట్ పొంది, డాలస్‌లో పరిశోధనలు చేశాడు. 2019లో అక్కడే కన్నుమూశాడు.

అతడిచ్చిన వివరణ ఇది. మన కండరాల్లో నెమ్మది పోగులు, వేగపు పోగులు అని రెండు రకాలున్నాయి. నింపాదిగా పరుగెత్తేటప్పుడు ముందు పనిచేసేవి నెమ్మది పోగులే. గంట, గంటన్నర గడిచేసరికి వాటిలో దాచిన గ్లైకోజన్ తరిగిపోతుంది. అప్పుడు వేగపు పోగులు సాయానికి దిగాలి. రోజూ ఇలా జరిగితే వాటిలోనూ మైటోకాండ్రియా, చుట్టూ సన్నని రక్తనాళాలు పెరుగుతాయి. ప్రాణవాయువును వాడుకోవడం వాటికీ అలవడుతుంది. 800 మీటర్ల పరుగుకు కావలసిన శక్తిలో సగానికి పైగా ప్రాణవాయువు సాయంతో పుట్టేదే. ఆ అలవాటు లేని కండరంలో ఆమ్లత త్వరగా పెరిగి, పట్టు సడలుతుంది.

మావాడి కాళ్ళు రెండో చుట్టులో బరువెక్కింది అందుకే.