బతికినవారి సాక్ష్యం: యూదు సాహిత్యం నుంచి ఇంద్రవెల్లి వరకు

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• సాక్ష్య సాహిత్యం అంటే ఏమిటో వివరించగలుగుతారు.
• హోలోకాస్ట్ నుంచి బయటపడిన రచయితలు ఎదుర్కొన్న చిక్కులను గుర్తించగలుగుతారు.
• ఆ అవగాహనతో ఇంద్రవెల్లి జ్ఞాపకాన్ని పరిశీలించగలుగుతారు.

1. పరిచయం

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో నాజీ జర్మనీ, దానికి తోడైనవారు కలిసి సుమారు 60 లక్షల మంది యూదులను చంపారు. ఈ మారణహోమాన్నే హోలోకాస్ట్ అంటారు. చంపినవారు ఆనవాళ్లను కూడా చెరిపివేయాలని చూశారు. ఓటమి దగ్గరపడగానే ఆష్విట్జ్‌లో విషవాయువు గదులను పేల్చివేశారు, కాగితాలను తగలబెట్టారు. అందుచేత అక్కడినుంచి బతికి వచ్చినవారి రచనను కేవలం ఆత్మకథగా చదవలేం. తాను చూసినదాన్ని, తిరిగి రానివారి తరఫున కూడా చెప్పే ఇటువంటి రచనను సాక్ష్య సాహిత్యం అంటాం.

2. సాక్షికి ఎదురయ్యే మూడు చిక్కులు

2.1 వినేవారు ఉండాలి: ఇటలీకి చెందిన ప్రీమో లెవీ రసాయన శాస్త్రవేత్త. ఆష్విట్జ్ నుంచి బతికి వచ్చి తన అనుభవాన్ని రాశాడు. ఒక పెద్ద ప్రచురణ సంస్థ ఆ పుస్తకాన్ని తిరస్కరించింది. 1947లో ఒక చిన్న సంస్థ 2,500 ప్రతులు వేసింది. 1958లో మళ్లీ అచ్చయిన తరువాతే దానికి విస్తృతంగా పాఠకులు దొరికారు. శిబిరంలో తనకు పదేపదే వచ్చిన ఒక కలను లెవీ అందులో వివరించాడు. ఆ కలలో అతను ఇల్లు చేరి జరిగినదంతా చెబుతుంటాడు, ఇంట్లోవాళ్లు మాత్రం పట్టించుకోరు.

2.2 ఏ భాషలో చెప్పాలి: ఎలీ వీజెల్‌ను 15 ఏళ్ల వయసులో ఆష్విట్జ్‌కు తరలించారు. అతని జ్ఞాపకాలు మొదట 1956లో యిడ్డిష్‌లో, అంటే తూర్పు ఐరోపా యూదుల ఇంటి భాషలో వెలువడ్డాయి. 1958లో ఫ్రెంచిలో వచ్చిన పుస్తకం దానికంటే చాలా చిన్నది. ప్రపంచానికి తెలిసింది ఈ రెండోదే. తనవారి కోసం రాసినదానికీ, బయటివారి కోసం రాసినదానికీ తేడా ఉంటుందని గమనించండి.

2.3 చనిపోయినవారి తరఫున ఎవరు చెప్పాలి: అసలైన సాక్షులు తిరిగి రానివారేననీ, తనవంటివారు వారికి బదులుగా మాత్రమే మాట్లాడుతున్నారనీ లెవీ 1986లో రాశాడు. ఈ చిక్కుకు వార్సా ఘెట్టోలోని వారు మరో దారి వెతికారు. చరిత్రకారుడు ఇమ్మాన్యుయేల్ రింగెల్‌బ్లూమ్ బృందం డైరీలు, ఉత్తరాలు, ప్రకటనలు సేకరించి రేకుపెట్టెల్లో, పాలడబ్బాల్లో పెట్టి భూమిలో పాతింది. అతను హత్యకు గురయ్యాడు. 1946లో ఒక భాగం, 1950లో మరొక భాగం తవ్వకాల్లో బయటపడ్డాయి.

3. ఇంద్రవెల్లి: నోటిమాటగా మిగిలిన సాక్ష్యం

వినేవారు, భాష, తరఫున చెప్పడం అనే ఈ మూడు ప్రశ్నలతో ఇప్పుడు ఆదిలాబాద్‌కు వద్దాం. 1981 ఏప్రిల్ 20, సోమవారం. ఇంద్రవెల్లిలో సంత రోజు. భూమి పట్టాలు, అడవిపై హక్కులు, షావుకార్ల దోపిడీ వంటి సమస్యలపై గిరిజన రైతుకూలీ సంఘం సభ తలపెట్టింది. ప్రభుత్వం అనుమతి నిరాకరించింది. తరలివచ్చిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వ లెక్క ప్రకారం మృతులు 13 మంది. పౌరహక్కుల సంఘాల లెక్క దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. అక్కడ కట్టిన స్తూపాన్ని తరువాత కూల్చివేశారు, మళ్లీ కట్టారు. ఏళ్ల తరబడి ఏప్రిల్ 20న నివాళి అర్పించడానికి కూడా పోలీసు ఆంక్షలు అడ్డువచ్చాయి.

ఆనాటి సాక్షుల్లో ఎక్కువమంది బడికి వెళ్లే అవకాశం లేని రైతులు, కూలీలు. వారి భాష గోండి. గోండులకు జ్ఞాపకాన్ని నిలిపే సంప్రదాయం లేదనుకోవడం పొరపాటు. ప్రధానులు కిక్రి వాయిస్తూ గోండుల వంశకథలను తరతరాలుగా పాడుతున్నారు. గుంజాలలో గోండి లిపిలో రాసిన ప్రతులు కూడా దొరికాయి. అయితే కోర్టులోనూ, పత్రికలోనూ, పాఠ్యపుస్తకంలోనూ చెల్లుబాటయ్యే భాష వేరు.

అందువల్ల ఆదివాసుల కథను తరచుగా ఇతరులు తెలుగులో రాశారు. ఇంద్రవెల్లి ఘటన జరిగిన రెండేళ్లకు, 1983లో వచ్చిన ‘కొమురం భీం’ నవల దీనికి మంచి ఉదాహరణ. 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల తూటాలకు నేలకొరిగిన భీం కథను సాహు, ఉమ్మడి కరీంనగర్ జిల్లాకు చెందిన అల్లం రాజయ్య కలిసి రాశారు. ఆ నవల భీం పేరును ఎందరో తెలుగు పాఠకులకు చేర్చింది. అయినా అది సాక్షి తన గొంతుతో చెప్పిన మాట కాదు, ఆత్మీయులు అతని తరఫున చెప్పిన మాట. ఈ తేడా గుర్తుంచుకుంటే నవల విలువ తగ్గదు, దాన్ని ఎలా చదవాలో తెలుస్తుంది.

4. పోలికకు ఉన్న హద్దు

హోలోకాస్ట్ ఒక జాతిని పూర్తిగా తుడిచిపెట్టడానికి పథకం ప్రకారం సాగిన హత్యాకాండ. ఇంద్రవెల్లి ఒక సభను అణచడానికి జరిగిన కాల్పులు. రెండూ ఒకటేనని రాస్తే రెండింటికీ అన్యాయం చేసినట్టే. మనం పోల్చుతున్నది ఘటనలను కాదు, వాటి తరువాత సాక్షికి ఎదురైన పరిస్థితిని.

5. సారాంశం

సాక్ష్య సాహిత్యాన్ని చదివేటప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకోండి: ఎవరు చెబుతున్నారు? ఏ భాషలో? ఎవరికి? ఎన్నేళ్ల తరువాత? నాలుగో ప్రశ్న మనకు హెచ్చరిక కూడా. 1981లో 20 ఏళ్లున్నవారు ఇప్పుడు 60 దాటారు. వారు చెప్పగలిగిన కాలం ఇంకా ఎంతో లేదు.

6. అభ్యాసం

1. యిడ్డిష్, గోండి భాషల్లోని సాక్షులు ఎదుర్కొన్న చిక్కులను పోల్చి 10 వాక్యాల్లో రాయండి.
2. మీ ఊరిలో కరువు, ముంపు, కాల్పులు వంటి ఘటనను కళ్లారా చూసిన ఒక పెద్దమనిషిని కలవండి. చెప్పడం ఇష్టమేనా అని ముందుగా అడగండి. ఇష్టపడితే ఆయన భాషలోనే, ఆయన మాటల్లోనే రాసుకుని, చివర చదివి వినిపించండి. ఇష్టపడకపోతే నమస్కరించి వచ్చేయండి. చెప్పకుండా ఉండే హక్కు కూడా సాక్షిదే.