మంచు దేశంలో మల్లె మకాం

అమెరికా శీతకాలాన్ని కుండీలోని మల్లె దాటాలంటే వెచ్చదనం ఒక్కటే చాలదు, విశ్రాంతి కూడా కావాలి

అక్టోబర్ వచ్చిందంటే న్యూజెర్సీలోని తెలుగు ఇళ్లలో ఓ వలస మొదలవుతుంది. వేసవంతా పెరట్లో ఎండ కాచుకున్న మల్లె కుండీలు ఒక్కొక్కటిగా గదుల్లోకి చేరతాయి. రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెల్సియస్ దిగువకు జారక ముందే ఈ తరలింపు పూర్తి కావాలి. ఆలస్యమైతే ఒక్క మంచు రాత్రికే లేత కొమ్మలు నల్లబడిపోతాయి.

అమెరికాలోని ప్రధాన భాషల్లో 2010-2017 మధ్య అత్యంత వేగంగా పెరిగింది తెలుగేనని సెంటర్ ఫర్ ఇమిగ్రేషన్ స్టడీస్ తేల్చింది. ఆ పెరుగుదల 86 శాతం. భాషతో పాటే ఆవకాయ జాడీ, తులసి కోటతో బాటు మల్లె తీగ కూడా అక్కడికి చేరింది. కాకపోతే స్వదేశం నుంచి మొక్కను మట్టితో సహా తీసుకెళ్లడం కుదరదు. అమెరికా నిబంధనల ప్రకారం మట్టి నిషిద్ధం, మొక్కకు ఆరోగ్య ధ్రువపత్రం తప్పనిసరి. అందుకే చాలామంది అక్కడి నర్సరీల్లో 'మెయిడ్ ఆఫ్ ఓర్లియన్స్', 'బెల్ ఆఫ్ ఇండియా' వంటి పేర్లతో దొరికే రకాలను కొంటారు. పేరేదైనా అవన్నీ మన మల్లె కుటుంబమే.

చలి దేశంలో మల్లె కోసం పడే తాపత్రయం కొత్తదేమీ కాదు. 17వ శతాబ్దం చివర్లో ఇటలీలోని టస్కనీ పాలకుడు మూడో కోసిమో గోవా నుంచి ముద్దమల్లెను తెప్పించుకున్నాడు. ఫ్లోరెన్స్ శివార్లలోని కాస్టెల్లో భవనంలో దాన్ని ప్రాణంగా కాపాడుకున్నాడు. అక్కడ మల్లెల కోసమే ఉన్న వెచ్చని గదిని 'ముగెరినీల గది' అంటారు. మన 'మోగ్రా'యే ఇటాలియన్ల నోట ముగెరినో అయింది. 'గ్రాండ్ డ్యూక్ ఆఫ్ టస్కనీ' అనే రకం పేరూ అలా వచ్చిందే.

నేటి ఇళ్లలో వెచ్చదనానికి లోటు లేదు. అసలు చిక్కు వెలుతురుతోనే. డిసెంబర్‌లో పగలు తొమ్మిది గంటలకు కాస్త ఎక్కువ మాత్రమే. హీటర్ల వేడికి గదిలో గాలి పొడిబారి ఎర్రనల్లి, తెల్లదోమ దాడి చేస్తాయి. ఆకులు రాలుతుంటే యజమాని కంగారుపడి మరిన్ని నీళ్లు పోస్తాడు. ఎదుగుదల ఆగిన మొక్క ఆ నీటిని తాగలేదు, వేళ్లు కుళ్లిపోతాయి. చలికంటే ఈ అతిప్రేమే ఎక్కువ మల్లెలను బలి తీసుకుంటుంది.

నిజానికి మన రైతులు చేసేదీ ఇలాంటిదే. శీతకాలంలో మల్లె తోటకు తడులు ఆపి బెట్టకు వదులుతారు. కొమ్మలు కత్తిరించి, ఆకు దూసి, ఆ తర్వాత ఎరువు, నీరు ఇస్తారు. కొత్త చిగురు మీదే మొగ్గ వస్తుంది కాబట్టి వేసవికి తోట విరగపూస్తుంది. న్యూజెర్సీ కుండీకీ ఈ సూత్రమే వర్తిస్తుంది. దక్షిణం వైపు కిటికీ పక్కన 15 డిగ్రీల దరిదాపుల్లో ఉంచాలి. పైమట్టి ఆరాకే నీరు పోయాలి. ఎరువు పూర్తిగా ఆపాలి. ఆకుల అడుగు భాగాన్ని వారానికోసారి కడిగితే నల్లి అదుపులో ఉంటుంది. చలికాలం చివర్లో కొమ్మలు కత్తిరించాలి. మంచు ముప్పు తప్పాక వారం పది రోజుల పాటు నీడలో అలవాటు చేసి అప్పుడే ఎండలోకి మార్చాలి.

టెక్సాస్ వారికి ఇంత శ్రమ ఉండదనుకోవడం పొరపాటు. 2021 ఫిబ్రవరి 16న డల్లాస్‌లో ఉష్ణోగ్రత మైనస్ 19 డిగ్రీలకు పడిపోయింది. అమెరికా వ్యవసాయ శాఖ శీతల మండలాల పటంలో మల్లె ఆరుబయట బతికేది 9 నుంచి 11 వరకే. డల్లాస్ ఉన్నది 8లో. నేలలో నాటిన మల్లెకు అక్కడ ఏటా పరీక్షే. తరలించేందుకు వీలుగా కుండీలో పెంచితే, లేదా ముందుగానే ఓ కొమ్మ అంటు కట్టి ఇంట్లో దాస్తే వంశం నిలుస్తుంది.

ఇంత చేసినా చేతికొచ్చేది మూరల కొద్దీ దండ కాదు, రోజుకో గుప్పెడు మొగ్గలు. దేవుడి పటానికి రెండు, జడలోకి నాలుగు. వరలక్ష్మీ వ్రతం నాటికి ఆ కాసిన్ని పూలు ఇంటి మల్లెవైతే చాలనుకునే వారికి అక్టోబర్‌లో కుండీ మోయడం బరువనిపించదు.